చివరి గడిలో ఒక పేరు

సింగపూర్ యీషున్‌లో మా బ్లాకు కింద కుక్కలకీ పిల్లులకీ తిండి అమ్మే కొట్టు ఒకటుంది. మొన్న ఆదివారం అటుగా వెళ్తుంటే, కొట్టు చూసుకునే అమ్మాయి కుందేళ్ళ కోసం తెచ్చిన ఎండుగడ్డి బస్తాని కత్తెరతో కోస్తోంది. ఆ వాసన తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. కాస్త తీపి, కాస్త దుమ్ము కలిసిన వాసన. "రాబిట్ ఉందా ఆంటీ?" అని అడిగింది. లేదంటే ఎందుకు నిలబడ్డానో చెప్పాలి, అందుకని ఉందన్నాను. లేని కుందేలుకి ఒక సంచి గడ్డి కొనుక్కుని ఇంటికి వచ్చి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు సింహాచలం ఆంటీని తలుచుకుంటూ కూర్చున్నాను.

సొంత గుర్రాలున్నవాళ్ళకి ఇక్కడొక సంఘం ఉండేది. పందేల గుర్రాలు కావు, సరదాకి స్వారీ చేసుకునేవాళ్ళవి. సింగపూర్‌లోవి, వంతెన దాటాక మలేషియాలో జొహోర్‌లోవి, అన్నీ ఆ సంఘం పుస్తకంలోనే ఉండేవి. దానికి కార్యదర్శి సింహాచలం ఆంటీ. ఆవిడ తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. తండ్రి గుర్రపుశాలల్లో పనిచేశాడు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. నేను భర్త నుంచి విడిపోయి, ఉద్యోగం కోసం కాళ్ళరిగేలా తిరుగుతున్న రోజుల్లో నన్ను గుమాస్తాగా తీసుకున్నారు. మాది విజయనగరం దగ్గరని వినగానే మొహం వెలిగిపోయింది. "మా తాత మాట మాటాడే మనిసి దొరికినాది. సరి, రేపే వచ్చీ" అన్నారు. నా చదువు గురించి ఒక్క ముక్క అడగలేదు.

ఏడాదికొకసారి సభ్యులందరూ తమ గుర్రాన్ని మళ్ళీ నమోదు చేయించుకోవాలి. దాని వయసు, వేయించిన టీకాలు, నాడాలు వేసే మనిషి పేరు, అన్నీ ఒక ఫారంలో రాయాలి. అందులో చివరి గడి ఆంటీ సొంతంగా పెట్టించారు. మీ తర్వాత ఈ గుర్రాన్ని ఎవరు చూసుకుంటారు? గుర్రం పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు బతుకుతుంది. మనుషులు ఉద్యోగం మారి దేశం విడిచి వెళ్తారు, లేకపోతే పోతారు. సభ్యులు ఆ గడిలో ఎవరిదో ఒక పేరు గిలికి పడేసేవాళ్ళు. ఆంటీ ఆ పేరున్న ప్రతి మనిషికీ ఫోన్ చేసి, "మీ పేరు రాశారు, మీకు తెలుసా? మీకు సమ్మతమేనా?" అని అడిగేవారు. సమాధానం విన్నాకే పక్కన టిక్కు. "ఏ గుర్రం?" అన్నవాళ్ళు ఎందరో. ఒకాయన బావమరిదైతే పకపకా నవ్వి ఫోన్ పెట్టేశాడు.

పోయినేడు ఒప్పుకున్నవాళ్ళని మళ్ళీ అడగడం దేనికని నేను విసుక్కుంటే, "పోయినేడు ఔనన్న మనిసి ఈయేడు కూడా అంటాదా? పేరు రాసేత్తే అయిపోనాదా? అడగాల కదా లా" అనేవారు, చివర ఇక్కడివాళ్ళలాగే 'లా' తగిలించి.

నాకూ ఒక ఫారం ఇచ్చారు. ఆపద వస్తే ఎవరికి కబురు చేయాలి అని అందులో ఒక గడి. రెండు రోజులు దాన్ని ఖాళీగా ఉంచి, ఆఖరికి ఊళ్ళో ఉన్న మా తమ్ముడి పేరు రాశాను. మాటల్లేక మూడేళ్ళయిందని ఎవరికి తెలుస్తుంది? ఆంటీ వాడికి కూడా ఫోన్ చేశారు. నా ఎదురుగానే చేశారు. మాట్లాడి పెట్టేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "వేరే పేరు ఏదైనా రాయమన్నాడమ్మా" అన్నారు.

నా ఒళ్ళు మండిపోయింది. "నేనేం గుర్రాన్నా ఆంటీ? మిమ్మల్ని ఎవరు చెయ్యమన్నారు?" అని అరిచాను. మధ్యాహ్నం ఆవిడ రెండు పొట్లాల నాసి లెమాక్, అదే కొబ్బరిపాల అన్నం, తెచ్చి, ఒకటి నా బల్ల మీద పెట్టి, "మకాన్ చెయ్యి ముందు" అన్నారు, తినమని. పంతం కొద్దీ ముట్టుకోలేదు.

ఆ పంతం అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఏడాది ఫోన్లు చేసే పని నాకు అప్పగించారు. ఇంకొకరి ఇంట్లో "కాదు" అన్న మాట నా చెవిన పడటం ఇక నా వల్ల కాలేదు. తప్పనిసరై మిగతావాళ్ళకి చేశాను. ఒకరికి చెయ్యకుండానే టిక్కు పెట్టేశాను. పాసిర్ రిస్‌లో ఉండే ముసలాయన ఒకరు తన గుర్రానికి రాసిన స్నేహితుడి పేరది. గుర్రం పేరు బిస్కెట్, ముసలి ఆడగుర్రం, ఒక కాలు కుంటి. వర్షాకాలంలో ఆయన గుండె ఆగి చనిపోయారు. ఆ స్నేహితుడికి కబురు చేస్తే, "నన్నెవరూ అడగలేదే. నేనుండేది ఫ్లాట్‌లో" అన్నాడు. అంతకుముందే అడిగి ఉంటే అప్పుడే కాదనేవాడు. ముసలాయన బతికుండగానే జొహోర్‌లో ఏదో ఒక చోటు వెతుక్కునేవారు.

అద్దె కట్టేవాళ్ళు లేకపోయినా గుర్రపుశాలవాళ్ళు నెల రోజులు ఆగారు. ఆ నెలంతా ఆంటీ, నేను పక్కపక్కన కూర్చుని పుస్తకంలో ఉన్న ప్రతి పేరుకీ ఫోన్ చేశాం. కుంటి ముసలి గుర్రం ఎవరికి కావాలి? ఆఖరి రోజు పశువుల డాక్టరు ప్రాణం తీసే సూది సిద్ధం చేస్తుంటే బిస్కెట్ మెడకున్న తాడు నా చేతికిచ్చి, ఆంటీ రెండో పక్క నిలబడ్డారు. అది నా భుజం మీద మూతి ఆనించి, గడ్డి వాసన వేసే ఊపిరి వదిలింది. నా టిక్కు వల్లే ఇది చచ్చిపోతోంది అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు లేచి ఆ టిక్కు ఎవరు పెట్టారని నిలదీశాడు. ఆంటీ లేచి, "ఆఫీసు పెట్టింది. ఆఫీసంటే నేను" అని ఇంగ్లీషులో చెప్పి కూర్చున్నారు. నేను నోరు విప్పలేదు. బయటికి వచ్చాక క్షమించమని ఏడిస్తే, "వచ్చే యేడు అందరికీ చెయ్యి, సరేనా" అన్నారు. మిగిలిన ఏళ్ళన్నీ ఒక్కరినీ వదలకుండా చేశాను.

తర్వాత గుర్రపుశాలల స్థలం ప్రభుత్వం తీసుకుంది. గుర్రాలు వంతెన దాటి వెళ్ళిపోయాయి, సంఘం మూతపడింది. నేను ఒక క్లినిక్‌లో చేరాను. ఆంటీ హౌగాంగ్‌లో తన ఫ్లాట్‌లో ఒక్కరే ఉండేవారు. ఒకరోజు ఫోన్ చేసి, "మోకాలికి ఆపరేషనంట. ఆస్పత్రి కాయితంలో పేరు రాయాల. నీది రాయొచ్చా? కాదంటే కాదను, ఏటీ అనుకోను" అన్నారు. వెంటనే ఔనన్నాను. ఆ తర్వాత ప్రతి ఏడాదీ అదే నెలలో ఫోన్ చేసి, కొత్తగా అడిగినట్టే మళ్ళీ అడిగేవారు. ప్రతిసారీ నేను ఔననేవరకూ కంగారుగా ఊపిరి బిగబట్టడం నాకు వినిపించేది. ఆవిడ అన్నేళ్ళు అంతమందిని అంత సులువుగా ఎలా అడిగారా అనుకునేదాన్ని. సులువు కాదని అప్పుడు తెలిసింది.

పోయిన ఏడాది ఆస్పత్రివాళ్ళు నాకే ఫోన్ చేశారు. వెళ్ళి ఆంటీకి ఆఖరిగా చెయ్యవలసినవన్నీ చేశాను.

ఇప్పుడు క్లినిక్‌లో నా కాగితాలు మళ్ళీ నింపమన్నారు. ఆపద గడిలో, తనే రాసుకోమన్న ఆంటీ పేరు కొట్టేసిన చోట ఇంకో పేరు కావాలి. ఎదురు ఫ్లాట్‌లో కదిజా అని నా వయసావిడే ఉంటుంది. లిఫ్టులో కనబడితే "మకాన్ అయిందా?" అంటుంది, అయిందంటాను. ఆవిడ పేరు రాసేసినా ఎవరూ ఫోన్ చేసి కనుక్కోరు. కానీ అడగకుండా రాయడం ఇక నా చేత కాదు. ఎవరైనా నన్ను అడిగితే ఔననడం ఆంటీ దగ్గర నేర్చుకున్నాను, అడగడం మాత్రం ఇంకా రాలేదు. సాయంత్రం ఆవిడ తలుపు చప్పుడైనప్పుడల్లా ఫారం పట్టుకుని లేచి మా గుమ్మం దాకా వెళ్తాను. ఇంతవరకూ ఆ గుమ్మం దాటలేదు.