కట్టేసిన కాలువలో

కాలువలు కట్టేసిన రోజుల్లో నేను బస్సెక్కకూడదు. ఆ సంగతి నాకు ఆ రోజుదాకా తెలియదు.

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, అంకెలు కొంచెం పోల్చుకుంటాను, బస్సు మీద బోర్డు మాత్రం చదవలేను. అయినా దారి తెలుసుకోవడానికి నా పద్ధతి నాకుంది. మా వైపు రోడ్డు పక్కనే కాలువ ఉంటుంది కదా, నీళ్ళు బస్సుతో పాటు నడుస్తుంటే మనం కిందికి, అంటే అమలాపురం వైపు, సముద్రం వైపు వెళుతున్నట్టు. నీళ్ళు ఎదురొస్తుంటే పైకి, రావులపాలెం వైపు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ దాని అవసరం కూడా పెద్దగా పడలేదు. ఆయన ముందు నడిచేవారు, నేను ఆయన చొక్కా వీపు చూసుకుంటూ వెనకాల నడిచేదాన్ని. నలభై ఏళ్ళు తిరిగిన దారుల్లో నాకు బాగా తెలిసింది ఆ వీపే.

ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఆడవాళ్ళకి బస్సు ఉచితం అన్నాక, ఒక్కదాన్నే ఎక్కడికైనా వెళ్ళిరావాలని నాకు బుద్ధి పుట్టింది. ఈ వయసులో అదెందుకు పుట్టిందో ఇప్పటికీ చెప్పలేను. అమలాపురంలో బస్సు మారి వెళితే ముమ్మిడివరం, అక్కడ మా ఆడపడుచు ఉంటుంది. ఆవిడని చూసే వంక పెట్టుకున్నాను. మొదటిసారి బాగానే వెళ్ళి వచ్చాను. రెండోసారి వచ్చేటప్పుడు మా కొత్తపేటలో దిగకుండా నిద్రపోయి రావులపాలెం పోయాను. అక్కడ అరటి గెలల మధ్య, లారీల మధ్య నిలబడి ఏడుస్తుంటే, గెలలు కొనడానికి వచ్చిన ఒకాయన నా ఫోను తీసుకుని మా కోడలికి చేసి చెప్పాడు.

మా అబ్బాయి కువైట్‌లో పని చేస్తాడు. ఇంట్లో నేనూ కోడలూ. కోడలు మంచిది, కేకలు వేసే రకం కాదు. ఆ రోజు కూడా వేయలేదు. అన్నం వడ్డిస్తూ మాత్రం ఒక మాట తేల్చేసింది.

"ఇంకొక్కసారి తప్పిపోయేరంటే మరి ఒంటరిగా పంపనండి అత్తయ్యగారూ. మీ అబ్బాయికి నేను సమాధానం చెప్పుకోలేను."

ఆ మాటలో తప్పేమీ లేదు. అయినా నాకు భయమేసింది. ముమ్మిడివరం వెళ్ళకపోతే కొంపలేమీ మునగవు, ఆడపడుచే వస్తుంది. కిటికీ పక్కన ఒక్కదాన్నే కూర్చోవడం పోతుందని నా భయం. ఆ మాట కోడలికి చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది. కిటికీ పక్కన కూర్చోవడం కూడా ఒక సుఖమేనా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పను?

మూడోసారి బయలుదేరిన రోజు ఎండ మండిపోతోంది. సంచిలో నేను ఈనెలు గీసి కట్టిన చీపుళ్ళు రెండు, మంచినీళ్ళ సీసా, ఫోను. కొత్తపేటలో కండక్టరుని రెండుసార్లు అడిగాను, అమలాపురమేనా అని. ఆయ్, అమలాపురమేనండి, కూర్చోండి అన్నాడు. కిటికీ దొరికింది. గాలికి కళ్ళు ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు.

మెలకువ రాగానే కాలువ వంక చూశాను. నీళ్ళు లేవు. బురద, అక్కడక్కడ మడుగులు, వాటి చుట్టూ కొంగలు. ఏటా వేసవిలో నీళ్ళు ఆపి కాలువ కట్టేస్తారని నాకు తెలియకా కాదు, ఊడ్పులకీ కోతలకీ వెళ్ళినదాన్నే. కానీ నిద్ర తేరని నా బుర్రకి అది తట్టలేదు. నీళ్ళు మనతో వస్తున్నాయా, ఎదురొస్తున్నాయా అని చూస్తున్నాను, చూస్తున్నాను, అవి ఎటూ రావడం లేదు. బస్సు కూడా ఎటూ పోవడం లేదేమో అనిపించింది. అమలాపురం దాటిపోయిందేమో, బస్సు మళ్ళీ వెనక్కి తిరిగి రావులపాలెం పోతోందేమో. అంతే, లేచి ఆపమని అరిచాను. కండక్టరు ఏదో చెప్పబోయాడు. వినిపించుకోకుండా దిగిపోయాను.

బస్సు పోయింది. రోడ్డు మీద పిట్ట లేదు. కాలువలోంచి మాటలు వినిపిస్తే గట్టు మీదికి వెళ్ళి చూశాను. అయిదుగురు ఆడవాళ్ళు చీరలు మోకాళ్ళ పైకి దోపుకుని, మడుగుకి బురదతో అడ్డుకట్ట వేసి, బేసిన్లతో నీళ్ళు తోడేసి చేపలు పడుతున్నారు.

"అమ్మా, ఇది కిందికెళ్ళే రోడ్డా, పైకెళ్ళే రోడ్డా?" అని అడిగాను.

వాళ్ళలో నా ఈడు ఆవిడ నడుం నిలబెట్టి చూసింది. "ఏ ఊరెళ్ళాలండీ?"

"అమలాపురం."

"మరి ఇప్పుడు మీరు దిగిన బస్సు అమలాపురానిదేనండి."

పక్కనున్న ఆవిడ తల ఎత్తకుండానే అంది, "బస్సు మెల్లగా పోతోందని, దిగి నడుద్దామనుకున్నారేమోలే అక్కా."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. నేనూ నవ్వాను. ఆయన పోయాక పైకి వినపడేలా నవ్వడం అదే మొదలు. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అక్కడ నన్నెరిగినవాళ్ళు ఎవరున్నారని పెట్టుకున్నానో.

ఇంకో బస్సుకి అరగంట పైనే పడుతుంది, గట్టు మీద నీడలో కూర్చోండి అన్నారు. కూర్చున్నాను. కూర్చున్నదాన్ని ఊరుకోవచ్చు కదా. ఆ వేళాకోళం ఆడినావిడ మట్టగిడస చేపని తోక దగ్గర పట్టుకుంటోంది, అది జారిపోతోంది, మళ్ళీ పట్టుకుంటోంది. నేను చూడలేకపోయాను. నా పుట్టిల్లు ఏటి ఒడ్డున. పెళ్ళి కాకముందు నేను వలా గాలమూ లేకుండా చేత్తో పట్టేదాన్ని. అత్తవారింటికి వచ్చాక మా అత్తగారు, బురదలో దిగి చేపలు పడితే మర్యాద కాదన్నారు, మానేశాను. మట్టగిడసని తోక పట్టుకోకూడదు. రెండు అరచేతులూ బురదలోకి నెమ్మదిగా దింపి, తల వైపు నుంచి నొక్కిపట్టాలి. ఆ మాటే గట్టు మీద నుంచి చెప్పాను. మాటల్లో చెబితే ఎవరికి వస్తుందండీ అందావిడ. చీర దోపుకుని దిగాను.

బురద చల్లగా ఉంది. పైన అంత ఎండ, కాళ్ళ కింద అంత చల్లన. మొదటి చేప రెండు చేతుల మధ్య కొట్టుకున్నప్పుడు నా ఒళ్ళంతా ఝల్లుమంది. చేతులకి గుర్తుంది. నాకే గుర్తు లేదు. రెండోది బొమ్మిడాయి, మూడోది మళ్ళీ మట్టగిడస. మధ్యలో ఒకసారి తల ఎత్తి చూశాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ కాలువని పై నుంచే చూశాను, లోతంటే భయపడ్డాను. ఇప్పుడు దాని అడుగున నిలబడి ఉన్నాను. గట్లు రెండూ తలకి పైన ఉన్నాయి, రోడ్డు ఆకాశంలో ఉంది. ఒక బస్సు చక్రాలు మాత్రం కనిపిస్తూ పోయింది. అది నేను ఎక్కాల్సిన బస్సు. తెలుసు నాకు. చూస్తూ నిలబడ్డాను.

ఫోను మోగుతోంది. గట్టు మీద సంచిలో మోగి ఆగింది, మళ్ళీ మోగింది. నాలుగుసార్లయ్యాక నా ఈడు ఆవిడ చేతులు కడుక్కుని తీసింది. మీ అత్తగారు ఇక్కడే కాలువలో మాతో బొమ్మిడాయిలు పడుతున్నారండి అని చెప్పింది. అటు నుంచి మా కోడలు, "మా అత్తయ్యగారు అలాంటివారు కాదండి, ఆ ఫోను ఎవరిదో సరిగ్గా చూడండి" అందట. ఆ మాట ఈవిడ నాకు చెబితే మళ్ళీ అందరూ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు. నేను అలాంటిదాన్ని కానా? మరి బురదలో ఉన్నది ఎవరు?

చేతులు కడుక్కుని కోడలితో మాట్లాడాను. వస్తున్నాను, బాగానే ఉన్నాను అన్నాను. ఆ పిల్ల సరే అని పెట్టేసింది. వాళ్ళు నా వాటా చేపలు కవరులో వేసి ఇచ్చారు. నేనొక చీపురు ఇచ్చాను. ఊరి పేరైనా అడగలేదు, వాళ్ళూ నా పేరు అడగలేదు.

ముమ్మిడివరం చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. దారంతా బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు, ఆ వాసనకి. ఆడపడుచు గుమ్మంలోనే నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసింది. ఏమీ అడక్కుండా చేపలు తీసుకెళ్ళి, బాగు చేసి, మామిడికాయ వేసి పులుసు పెట్టింది. తింటున్నప్పుడు అడిగింది.

"అన్నయ్య ఉంటే ఇలా చేసేదానివా వదినా?"

తప్పు పట్టి అందో, ఊరికే అందో తెలియదు. చేసేదాన్ని కాదు. ఆయన ఉంటే ఆ బస్సు దిగేదాన్నే కాదు. మరి ఆయన లేకపోబట్టే కదా నాకు అంత హాయి దొరికింది? అలా అనుకోగానే చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. ఆయన నన్ను ఏనాడూ దేనికీ వద్దనలేదు. నేను అడగనూ లేదు. ఇందులో ఎవరిది తప్పు, అసలు తప్పంటూ ఉందా, ఎన్నిసార్లు ఆలోచించినా నాకు కొస దొరకదు.

ఇంటికి వచ్చాక కోడలు రెండు రోజులు ముభావంగా ఉంది. మూడో రోజు సాయంత్రం బట్టలు మడతపెడుతూ ఎదురుగా కూర్చుంది.

"ఒక్కటి చెప్పండి అత్తయ్యగారూ. తప్పిపోయి దిగేరా, కావాలని దిగేరా?"

"భయపడి దిగానమ్మా. దిగాక మాత్రం కావాలనే ఉండిపోయాను."

"నేను నాలుగుసార్లు చేసేనండి. వినపడలేదా?"

వినపడలేదు అంటే సరిపోయేది. దూరంగా ఉన్నాను, గాలి అంటే నమ్మేది. నోటిదాకా వచ్చింది కూడా.

"వినపడిందమ్మా. చేతిలో చేప ఉంది."

కోడలు కళ్ళు తుడుచుకుంది. ఇంక నన్ను పంపదు అనుకున్నాను, పంపకపోవడమే న్యాయం అని కూడా అనుకున్నాను.

"అబద్ధం చెబుతారనుకున్నానండి," అంది చివరికి. మడతపెట్టిన చీర మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. "పోనీ, ఈసారి నేనూ వస్తానండి."

వద్దనడానికి నోరు రాలేదు, రమ్మనడానికీ రాలేదు. కోడలు నా మొహం వంక చూసి, బట్టలన్నీ ఎత్తుకుని లేచింది.

"సరే లెండి. అయితే ఆదివారం మాత్రం వద్దండి, కూర్చోడానికి చోటుండదు. బుధవారం వెళ్ళండి."

పంపనంటే ఏడవాలని సిద్ధపడి కూర్చున్నాను. పంపుతానంటే ఏం చేయాలో తెలియలేదు. ఆమె లోపలికి వెళ్ళిపోయాక కూడా చాలాసేపు అక్కడే కూర్చుని, బుధవారానికి ఇంకా ఎన్ని రోజులుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఒకసారి నాలుగు వచ్చింది, ఒకసారి అయిదు.