నాలుగు గంటల పిలుపు

1981 నవంబరులో కశ్మీరు సరిహద్దులోని ఆ సైనిక పికెట్‌కు సిపాయిగా చేరాను. ఎత్తు పన్నెండు వేల అడుగులు. మోకాలి లోతు మంచు. ఒక బంకరు, ఒక కిరోసిన్ పొయ్యి, తొమ్మిది మందిమి. రేడియో సెట్టు బాధ్యత నాది.

పికెట్ హవల్దారుది ఆదోని. నాది ఎమ్మిగనూరు. నా యాస వినగానే నవ్వాడు.

"మనోడివే! ఈడ నన్ను అన్నా అనప్పా, సాలు."

ఆయన మందు ముట్టడు. మాకు రమ్ము కొలిచి ఇచ్చేవారు. నాకది చాలేది కాదు. నా చక్కెర, పాలడబ్బాలు ఇచ్చి పక్కవాళ్ల వాటా తాగేవాణ్ణి. సెలవుల్లో ఇంటికెళ్తే సారాయి.

జనవరిలో ఒకరోజు నలుగురు గస్తీకి వెళ్లారు. మధ్యాహ్నం పొగమంచు కమ్మింది. నాలుగు గంటలకు దారి కోసం రేడియోలో పిలిచారు. "పికెట్, వినిపిస్తోందా? ఓవర్." నేను తాగి సెట్టు పక్కనే పడి ఉన్నాను. నలభై నిమిషాలు పిలిచారట. బయటి కాపలా చూసుకుని వచ్చిన హవల్దారు సెట్టు అందుకున్నాడు. నలుగురూ తిరిగొచ్చారు. ఒక సిపాయికి మాత్రం మంచుకు చచ్చుబడిన రెండు కాలివేళ్లు తీసేశారు.

మర్నాడు హవల్దారు నా పక్కన కూర్చున్నాడు.

"రిపోర్టు రాసినా. అది నా డ్యూటీ. ఇప్పుడు అన్నగా అడుగుతాండా. ఎందుకు తాగుతావప్పా?"

"చలికి, అన్నా."

"ఎమ్మిగనూరులో యాడుండాది చలి?"

నవ్వబోతే ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పనిది చెప్పాను. నాకు ఎనిమిదేళ్లప్పుడు నాయన తాగొచ్చి అమ్మ చెయ్యి విరగ్గొట్టాడు. వీధిలో ఇంటింటి తలుపూ కొట్టాను. ఒక్కరూ తీయలేదు. అమ్మ కేక అప్పటి నుంచి చెవిలోనే ఉంది. తాగితే కాసేపు ఆగుతుంది.

ఆయన పొయ్యి మంట తగ్గించాడు.

"మా నాయన గూడా అంతేనప్పా. అందుకే నేను ముట్టను. అందుకే నువ్వు తాగుతాండావు. ఆ కేక వినపడితే నన్ను పిలువు. ఏ యాళైనా సరే, వస్తా."

శిక్ష పూర్తిచేసుకుని పికెట్‌కు వచ్చాక, మందు మానేసి చేతులు వణికిన వారాల్లో, ఆయన్ను ఎన్నిసార్లు పిలిచానో. వచ్చి కూర్చునేవాడు. ఆదోని పత్తి మార్కెట్టు కబుర్లు చెప్పేవాడు. రెండుసార్లు మళ్లీ తాగాను. తిట్టలేదు.

సెప్టెంబరులో కొండ దిగాను. అప్పటికి చుక్క ముట్టి ఐదు నెలలు. ఆదోనిలో రైలు దిగి, బస్సెక్కి ఇల్లు చేరాను. వాకిట్లో నా నాలుగేళ్ల కూతురు ఆడుకుంటోంది. టోపీ తీద్దామని చెయ్యెత్తాను. పాప రెండు చేతులతో తల కప్పుకుని గోడకు అతుక్కుపోయింది.

నేను మళ్లీ తాగలేదు. ఆమె ఇప్పుడు నాతో ఆప్యాయంగానే మాట్లాడుతుంది. తనను ఎప్పుడు కొట్టానో నాకు గుర్తే లేదు. ఆ చిన్న చేతులు మాత్రం ఇంకా నా కళ్లెదుటే ఉన్నాయి.