నొప్పి లేకుండానే కరిగిన ఎముక

ఆదివారం ఉదయం మా ఆయన పళ్లు తోముకుంటుంటే వాష్‌బేసిన్‌లో రక్తం కనిపించింది. కుడివైపు కింది దవడ ఎముకలో స్క్రూలతో బిగించిన రెండు ఇంప్లాంట్ పళ్లలో వెనకదాని చుట్టూ చిగురు ఉబ్బింది. కొన్నాళ్లుగా నోటి వాసన కూడా బాగాలేదు. చెబితే, "నొప్పి లేదు, ఏం లేదు. ఊకె పరేషాన్ చేయకు" అన్నారు. ఆయన యూనివర్సిటీలో చరిత్ర చెబుతారు. ఆధారం చూపనిదే దేన్నీ నమ్మరు. నా మాటనైతే ఆధారం చూపినా నమ్మరు.

పట్టుబట్టి తార్నాకలో డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె ఎక్స్‌రే తీసింది.

"పెరి-ఇంప్లాంటైటిస్ సార్. స్క్రూల చుట్టూ బోన్ కరుగుతున్నది."

"నొప్పి లేదు కదా మేడమ్?"

"నొప్పి వచ్చేదాంక ఆగితే బోన్ మిగలదు. షుగర్ ఎట్లున్నది?"

ఆయన దర్జాగా, నార్మల్ అని ఉన్న పరగడుపు షుగర్ రిపోర్టు చూపించారు. ఆమె దాన్ని పక్కనపెట్టి, మూడు నెలల షుగర్ సంగతి చెప్పే హెచ్‌బీఏ1సీ రాసింది. అది బాగా ఎక్కువ వచ్చింది.

నాకు ఆశ్చర్యం వేయలేదు. క్యాంపస్‌లో పొద్దున్నే కలిసి నడిచే ప్రొఫెసర్లు నెలకోసారి షుగర్ రిపోర్టులు పోల్చుకుంటారు. ఎవరిది తక్కువుంటే వారికి మిగతావాళ్లు ఛాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పిస్తారు. జీవితమంతా మార్కులు వేసినవాళ్లు కదా! పరీక్షకు ముందు రెండు రోజులు మా ఆయన జొన్నరొట్టె, కీరా తప్ప ఏదీ ముట్టరు. మిగతా నెలంతా పెళ్లిభోజనమే. ఇంప్లాంట్లు వేసేముందు చూపించిందీ అలాంటి రిపోర్టే.

"రెండూ పోతే తీసి పెట్టుకునే పళ్లసెట్టేనా?" అని అడిగారాయన, గొంతు తగ్గించి. పాఠం చెబుతుంటే అది జారుతుందని భయం. అప్పుడు మాత్రం నాకు జాలేసింది.

షుగర్ అదుపులోకి వచ్చాక చిగురు తెరిచి శుభ్రం చేశారు, ముందుదాని చుట్టూ కరిగినచోట ఎముకపొడి నింపి బోన్ గ్రాఫ్ట్ చేశారు. కొన్ని వారాలకు వెనకది కదలడం మొదలుపెట్టింది. "ఇది నిలవదు సార్" అని తీసేశారు. అక్కడ ఇంకోటి వేయడానికి ఎముక చాలదట.

ముందుది నిలిచింది. సెట్టు అవసరం రాలేదు. ఇప్పుడు సన్న బ్రష్‌తో దాని చుట్టూ రోజూ శుభ్రం చేసుకుంటారు, చెకప్ మానరు. మొన్న షుగర్ పరీక్ష ముందురోజు "రొట్టె చేయాల్నా?" అని అడిగితే, "రోజు తినేదే పెట్టు. అసలు ఎంతున్నదో తెల్వాలె" అన్నారు.

ఇంప్లాంట్ వేయించుకునేవారికి నేను చెప్పేది ఒకటే. షుగర్ పరీక్ష కోసం తిండి మార్చకండి, హెచ్‌బీఏ1సీ కూడా చేయించుకోండి. మా ఆయన మంచి రిపోర్టుతో డాక్టరును ఒప్పించారు. దవడ ఎముక ఒప్పుకోలేదు.