నాలుగో రోజు ఎండ

ఉత్తర నార్వేలోని ఆ ఊళ్లో చలికాలపు చీకట్లో సూర్యుడు పొడవక రెండు నెలలైంది; మళ్లీ కనబడే రోజులొచ్చాయి. ఎండంటే ఏమిటో చూపించాలని బాలబడి టీచరు బోర్గ్‌హిల్డ్ మూడు రోజులుగా పిల్లల్ని గుట్టెక్కిస్తోంది. రోజూ మబ్బే. సూర్యుణ్ణి చూశాకే తినాల్సిన జామ్ బన్నులు సంచిలో రాళ్లవుతున్నాయి. "బొమ్మ గీసి చూపించరాదటే, మొండిదానా!" అంది తోటి టీచరు సిగ్నె. "బొమ్మ వెచ్చగా ఉంటుందా?" అంటూ బోర్గ్‌హిల్డ్ పిల్లల టోపీలు తట్టి లెక్కపెట్టి, నాలుగో రోజూ ఎక్కించింది.

"సూర్యుడూ లేడు, గీర్యుడూ లేడు! అన్నీ అబద్ధాలు!" అన్నాడు మూడేళ్ల ఐలిఫ్. ఆమె వాడి ముక్కు తుడిచి, కొండల సందుకేసి చూస్తూ నిలబడింది. మబ్బు చీలింది. ఐలిఫ్ పైకి చూడనేలేదు. మంచు మీద చూసి గెంతాడు. "బోర్గ్‌హిల్డ్! నా కాళ్లకి ఎవడో నల్లోడు అంటుకున్నాడు!" "వాడు నీ నీడరా. ఎండే తెచ్చింది," అంటూ ఆమె బన్ను అందించింది. ఐలిఫ్ కొరికితే పన్ను దిగలేదు. వంగి, దాన్ని నీడ నోటి దగ్గర పెట్టాడు.