గంధకం పుల్ల

చావు తప్పి కన్ను లొట్టపోయిందని మనం ఊరికే అంటుంటాం. మన్నాన్‌కు అక్షరాలా అదే జరిగింది. 2009లో దూలపల్లి ఐస్ ఫ్యాక్టరీలో పైపు పగిలి అమ్మోనియా అతని ముఖాన కొట్టింది. ఎడమ కన్ను పోయింది. మిగిలిన కంటిని పసిబిడ్డను సాకినట్టు కాపాడుకునేవాడు. కాస్త దుమ్ము రేగితే చాలు, రుమాలు అడ్డం పెట్టుకునేవాడు.

నాలుగేళ్ల తర్వాత అలియాబాద్ దగ్గర మా చిన్న ల్యాబులో అటెండరుగా చేరాడు. మేం చేసే పనేమిటో అతనికి మెల్లగా తెలిసింది. కొలిమీ పొగా లేకుండా, నీళ్లలోకి గాలి పంపి కరెంటు పెట్టి, ఎరువులకు కావలసిన అమ్మోనియా తీయాలని ల్యాబు నడిపే మా ఆదిత్య ప్రయత్నం. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డానని మన్నాన్ వణికిపోయాడు. మానేద్దామంటే ఒంటికన్నువాడికి ఇంకెవరు పనిస్తారు?

ఇక్కడ పుట్టేది చిటికెడు కూడా కాదని, ముక్కుకు వాసనైనా తగలదని ఆదిత్య నచ్చజెప్పాడు. ఆ మాటకు మన్నాన్ ఇంకా బెదిరాడు.

“వాసనొస్తే ఉరుకుతం సారూ. రాకుంటే ఎట్ల ఎరుకైతది?”

ఐస్ ఫ్యాక్టరీల్లో ఒక పద్ధతుంది. గంధకం పూసిన పుల్ల వెలిగించి పైపుల అతుకుల దగ్గర తిప్పుతారు. అమ్మోనియా కారుతుంటే తెల్లటి పొగ లేస్తుంది. మన్నాన్ ఆ పుల్లలు తెచ్చుకుని, మేం రాకముందే మా గాజు సీసాల చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడట. బీడీ, సిగరెట్టు వద్దని గోడ మీద రాసే ఉంది. అతనికి బీడీ అలవాటే లేదాయె. అసలు నిప్పే ఎందుకు వద్దో చెప్పాలని మా బుర్రలకూ తట్టలేదు.

ఒకరోజు ఆదిత్య కరెంటు ఆపకుండానే ఇంటికి వెళ్లాడు. మర్నాడు పొద్దున నేను తలుపు తీసేసరికి మన్నాన్ వెలిగించిన పుల్లను సీసా రబ్బరు గొట్టం మూతికి పెడుతున్నాడు. ఢామ్మని పేలింది. గాజుపెంకులు గదంతా చిమ్మాయి. అతను రెండు చేతులతో కన్ను మూసుకుని కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం. ముందు నాకు కోపమొచ్చింది, ఆ వెంటనే అతని దగ్గరికి పరుగెత్తాను.

అప్పుడే వచ్చిన ఆదిత్య పక్కన కూర్చున్నాడు. “చేతులు తీయండి, మన్నాన్ భాయ్.”

“తియ్య సారూ. తీసినంక గూడ చీకటే ఉంటే?”

చాలాసేపటికి అతనే ఒక వేలు ఎత్తాడు. తెగింది కనుబొమ్మ. కన్ను దక్కింది. మమ్మల్ని మార్చి మార్చి చూసి, పేలిందేమిటని అడిగాడు. నీళ్లలోంచి అమ్మోనియా కంటే ఎక్కువగా హైడ్రోజన్ వస్తుందని, రాత్రంతా కరెంటు ఉండడంతో అది సీసాలో నిండిందని, నిప్పు తగిలితే పేలుతుందని ఆదిత్య చెప్పాడు.

“దానికి వాసనుంటదా?”

“ఉండదండీ.”

మన్నాన్ మళ్లీ రెండు చేతులూ కంటి మీద పెట్టుకున్నాడు.