సాయిబుగారి పిడికిలి

పుంగనూరు చింతపండు మండీ మస్తాన్ సాయిబుగారు ఇక లేరన్న దుర్వార్త కుప్పంలో, మా కాలేజీ వరండాలో, అప్పుడే పుంగనూరు బస్సు దిగి వచ్చిన ఒక విద్యార్థి నోట విన్నాను. నమ్మలేదు. నమ్మకపోగా ఆ పిల్లవాణ్ణి కసిరాను కూడా. పదిరోజుల కిందటే ఆయన్ను కాటా పక్కన చూశాను; తూకం రాయి దగ్గర ఒక వ్యాపారితో గొంతు చించుకుని వాదిస్తున్నారు. అంత గొంతున్న మనిషి నిద్రలోనే, ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోవడమా? డెబ్బై ఏళ్ళ జీవితంలో ఆయన చప్పుడు లేకుండా చేసిన పని బహుశా అదొక్కటే.

ఈ నివాళిలో ఆయనను ‘విద్యాదాత’ అని రాయమని మిత్రులు సలహా ఇచ్చారు. రాయను. దాత అనిపించుకోవడం ఆయనకు సుతరామూ గిట్టదు. ఎరుగనివారి కోసం రూపం మాత్రం చెబుతాను. ఆజానుబాహువు. తెల్ల లుంగీ, నెరిసిన గడ్డం, ఎప్పుడూ చింతపండు వాసన వేసే చొక్కా. అన్నిటికంటె ముందు కంటబడేది ఆ చెయ్యి. ఇద్దరికి చేసిన చేతులను దేవుడు పొరపాటున ఒక్కరికే తగిలించాడని రైతులు నవ్వేవారు. నవ్వుతూనే తమ బస్తాను కొంచెం వెనక్కి జరుపుకునేవారు.

ఆ జరుపుకోవడానికి కారణం ఉంది. మండీకి వచ్చే ప్రతి బస్తానుంచీ ధర్మానికని ఒక పిడికెడు తీయడం అక్కడి పాత ఆచారం. ఆ పండు అమ్మగా వచ్చినది ఒకప్పుడు దీపాల నూనెకూ, ఎండాకాలం చలిపందిళ్ళకూ పోయేది. 1970ల మొదట్లో మండీ పెత్తనం చేతికి రాగానే సాయిబుగారు దాన్ని లేనివాళ్ళ పిల్లల కాలేజీ చదువులకు మళ్ళించారు. తాను మాత్రం మూడో తరగతితో బడికి సలాము కొట్టినవారు. పైగా ఆ పిడికెడు ఎవరినీ తీయనిచ్చేవారు కాదు, తానే తీసేవారు. అక్కడే వచ్చింది చిక్కు.

ఒక వ్యాపారి ఎదురు తిరిగాడు. “సదివేది వాడు, ఉద్యోగం వాడిది, జీతం వాడిది. మధ్యలో నా సింతపండు యాల సాయిబూ?”

“నీ కొడుకును పాము కరిస్తే డాక్టరు దగ్గరికి ఎత్తుకోని పోతావు గదప్పా? నా సదువుకు నువ్వేమిచ్చినావని ఆయప్ప అడిగితే ఏం సెప్తావు?”

“అదంతా సర్కారు సూసుకోవాల.”

“సూసుకోవాల. నేనూ అదే అంటాండా. సర్కారు వచ్చేదాకా పిల్లోళ్ళు వయసు ఆపుకోని కూసుంటారా?”

ఈ మాట పూర్తయ్యేసరికే పిడికెడు బయటికి వచ్చేసింది. వాదం ముగియకముందే పని ముగించడం ఆయన పద్ధతి.

నా బతుకూ ఆ పిడికిటిలోదే. మదనపల్లెలో బి.ఎస్సీ. ప్యాసయ్యాక నాకు ఎమ్మెస్సీలో సీటు వచ్చింది. వరసగా రెండేళ్ళు వానలు లేక వేరుశనగ చేను నిలువునా ఎండిపోయింది; గట్టు మీది చింతచెట్ల కాపు ఇంటి ఖర్చుకే సరి. ఫీజు కట్టడానికి వారం గడువు. “ఈడిదాకా సదివించినా. ఇంగ నావల్ల కాదమ్మా” అన్నాడు మా నాయన రెడ్డెప్ప. నేను ఏడ్చాను. ఏడ్చి ఊరుకోక, ఇంట్లో చెప్పకుండా మండీకి వెళ్ళి సాయిబుగారికి చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఆయన సైకిలు మా గుమ్మం ముందుంది.

మా నాయనకు అభిమానం పొడుచుకొచ్చింది. “మేము అడుక్కుతినే వంశం కాదు సాయిబూ. ఊరి పిడికెళ్ళతో నా బిడ్డ సదవాల్నా?”

“ఆరేండ్లుగా నీ బస్తాలో సెయ్యి పెడతాండా రెడ్డెప్పా. యా పిల్లోడికని ఒక్కసారన్నా అడిగినావా?”

“యాల అడగాల?”

“నీ సింతపండుతో సదివిన పిల్లోళ్ళు ఉండారు. వాళ్ళను అడుక్కునేవాళ్ళు అంటావా?”

“అనను.”

“మరి నీ బిడ్డను యాల అంటాండావు?”

మా నాయన నా వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు, లేచి లోపలికి వెళ్ళి చెంబుతో మజ్జిగ తెచ్చి సాయిబుగారి చేతికిచ్చాడు. మా ఇంట్లో లొంగిపోయినదానికి గుర్తు అదే.

ఫీజు సర్దుబాటయింది. హాస్టలు భోజనాల దగ్గర మాత్రం సాయిబుగారి బుద్ధి కొంత పెడదారి పట్టింది. ఆ ఏడు పండు ధర పడిపోయింది. “అగ్గువకు అమ్మేది యాల? ఆ పిల్లోళ్ళు పులుసు తినరా?” అని ధర్మం పండు బస్తా కట్టించి, నేనెక్కిన బస్సు టాపు మీద వేయించారు. మెస్సు అడ్వాన్సుకు బదులు చింతపండు! వార్డనమ్మ నిర్ఘాంతపోయింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇంతలో వంటాయన వచ్చి మూట విప్పి, చిటికెడు నోట్లో వేసుకుని, “కొత్త పండమ్మా, వదలొద్దు” అన్నాడు. అంతే, బస్తా లోపలికి పోయింది. ఆ ఏడాది హాస్టల్లో చారుకూ పులిహోరకూ కొదవ లేదు. నాకు ‘చింతపండు సరోజ’ అన్న బిరుదూ తప్పలేదు. మరుసటి ఏడు, ఇంక బస్తాలు వద్దని సాయిబుగారిని బతిమాలుకున్నాను. ఆయన సానుభూతితో ఆలోచించి, “అట్లయితే మిరపకాయలు పంపేదా బేటీ?” అన్నారు.

ఆయన షరతు ఒకటే. సెలవులకు వచ్చిన విద్యార్థులు సంతనాడు మండీ అరుగు మీద కూర్చుని, అడిగినవారికల్లా ఉత్తరాలూ అర్జీలూ రాసిపెట్టాలి. నేను రసాయనశాస్త్రం పుస్తకం చంకలో పెట్టుకుని దర్జాగా కూర్చున్నాను. మొదటిరోజు నా కలం రాసిన తొలి వాక్యం: “బర్రె ఈనింది, దూడ ఆడది.” పటాలంలో ఉన్న కొడుక్కు ఒక అవ్వ దాన్నే మూడుసార్లు రాయించింది. నా ముఖం చూసి సాయిబుగారు, “సూడు బేటీ, ఆయమ్మ పిడికెడు ఇచ్చింది, నువ్వు అచ్చరం ఇచ్చినావు. ఇంగ ఎవురికి ఎవురు దాత?” అన్నారు. విశ్వవిద్యాలయ విద్యావ్యయం ఎవరు భరించాలన్న విషయంపై ఆ తర్వాత నేను చాలా ఉపన్యాసాలు విన్నాను. ఆ అరుగు మీద విన్న మాటకు మించినది వినలేదు. కుప్పంలో ఈనాడు నేను చెప్పే ప్రతి పాఠానికీ వెనక, నాకు పేర్లు తెలియని రైతుల చింతచెట్లున్నాయి. ఆ సంగతి తలచుకుంటే గర్వంగా ఉంటుంది, భయంగానూ ఉంటుంది.

ఆయన పోయిన తర్వాతి సంతకు నేను మా నాయనతో వెళ్ళాను. కాటా దగ్గర ఆయన పెద్దకొడుకు కూర్చున్నాడు. పక్కన ధర్మం బస్తా నోరు తెరిచి ఉంది, ఖాళీగా. ఎదుట రైతుల బస్తాలు బారులు తీరాయి. అతను మొదటి బస్తాదాకా చెయ్యి చాచి, తీయలేక వెనక్కి తీసుకుని, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఆచారం ఆయనతోనే పోతుందేమో అనుకున్నాను.

మా నాయన ముందుకు వెళ్ళాడు. ఇన్నేళ్ళూ సాయిబు పిడికిలి పెద్దదని సణిగిన మనిషి, తన బస్తా మూతి విప్పి, రెండు చేతులూ లోపల పెట్టి, దోసెడు పండు తీసి ధర్మం బస్తాలో వేశాడు.

“ఒక పిడికెడే గదా నాయనా?” అన్నాను.

“ఆయప్ప పిడికిలికి నా ఒంటిసెయ్యి యాడ సాలుతాదమ్మా?” అన్నాడు.