ఎడమవైపు ఎవరున్నారు?

పొద్దున్నే గిన్నెలు కడిగి చెంచాలు స్టాండులో సర్దేటప్పుడు ఆమె నోరు ఊరుకోదు. "పెద్ద చెంచా ఒకటి," అంటుంది. అని, ఫ్రిజ్ వైపు చూసి ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాతే రెండో చెంచా. ఇంట్లో వాళ్లకు ఇది వినీవినీ వినబడడం మానేసింది. పనిచేసే చోట మాత్రం ఆమెను రేడియో అంటారు. ఎదుటే అంటారు, ఆమె పలుకుతుంది కూడా.

రేడియో పద్దెనిమిదేళ్లుగా ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్ పరికరాలు శుభ్రం చేసే విభాగంలో ఉంది. వాడిన కత్తెరలు, పట్టకార్లు లిఫ్టులో కింది అంతస్తుకు వస్తాయి. వాటిని కడిగి, ట్రేలో సర్ది, గుడ్డ చుట్టి ఆవిరి యంత్రంలోకి పంపాలి. ఆ గదిలో మొదటి పాఠం అనుమానం. మెరుస్తున్నదల్లా మురికిదే అనుకోవాలి. పక్కమనిషి చేసిందల్లా తప్పే అనుకోవాలి. తన చేతిని తాను అసలే నమ్మకూడదు. అందుకే అక్కడ ఎవరూ ఒంటరిగా ట్రే సర్దరు. ఒకరు పరికరం పేరు పైకి చెప్పి ట్రేలో పెడతారు. ఎడమపక్క నిలబడ్డ మనిషి చూసి "ఉంది" అంటుంది. ఆ మాట చెవిన పడేదాకా ఇంకో పరికరం ముట్టుకోరు.

రేడియోకు ఎడమపక్క నిలబడే ఆమె వయసులో పెద్దది, మాటల్లో పొదుపరి. రోజంతా ఆ ఒక్క మాటతోనే గడిపేస్తుంది కాబట్టి ఆమెకు ఉందమ్మ అని పేరు పడింది.

వాళ్ల సూపర్‌వైజర్ రిటైరయ్యే ఏడాది ఆసుపత్రి ఒక సంగతి తేల్చి చెప్పింది. ఆ కుర్చీ డిప్లొమా ఉన్నవాళ్లకే. డిప్లొమా ఎవరికీ లేకపోతే సర్వీసు చూస్తారు. సర్వీసులో ఉందమ్మది ముందు వరస. చదువు తన వల్ల కాదని ఆమె చేతులెత్తేసింది. నలభై మూడేళ్ల రేడియో మాత్రం ఒక కాలేజీ ఆన్‌లైన్ డిప్లొమా కోర్సులో చేరింది.

రేడియో భర్త బస్ కండక్టర్. మొహం చూసి టికెట్ ఉందో లేదో చెప్పేస్తానని ఆయన ధీమా. మొహమే లేని కాలేజీ ఆయనకు నచ్చలేదు. గేటు లేదు, గేటు దగ్గర వాచ్‌మన్ లేడు. చేరకముందు మూడు రకాల గొంతులతో మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ ఒకే జవాబు రావడంతో అనుమానం ఇంకా బలపడింది. "వాళ్లకి బట్టీ పట్టించారు," అన్నాడు.

రేడియోకు కూడా కాలేజీ మీద పూర్తి నమ్మకమేమీ లేదు. అయినా చదివింది. ఇంటికి చేరితే పాఠం సాగదని మొదటి వారంలోనే తెలిసిపోయింది. షిఫ్టు దిగాక బట్టలు మార్చుకునే గదిలోనే బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో పాఠం ముగించి బయల్దేరేది. తెర మీద టీచరు "అర్థమైందా?" అని ఆగితే "అయింది" అనేది. కాకపోతే "కాలేదు" అని వెనక్కి జరిపి మళ్లీ వినేది. డిగ్రీ చదువుతున్న కూతురు సెలవు రోజుల్లో కూర్చోబెట్టి పాత ప్రశ్నలు చేయించేది. మధ్యలో రెండు పరీక్షలు ఇంట్లోనే రాసి పంపింది, మంచి మార్కులే వచ్చాయి. చివరి పరీక్ష మాత్రం కెమెరా ముందు రాయాలి. గదిలో ఒక్కరే ఉండాలి, ఫోన్ ఉండకూడదు.

ఆ రోజు కూతురు తన లాప్‌టాప్ పడకగదిలో టేబుల్ మీద పెట్టి బయటికి వచ్చేసింది. రేడియో తన ఫోన్ భర్త చేతికిచ్చి తలుపు వేసుకుంది. ఆయన గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. కాసేపటికి లోపలినుంచి మాట వినిపించింది. ఏదో అడుగుతున్నట్టు, అడిగి జవాబు కోసం ఆగినట్టు. మళ్లీ మాట, మళ్లీ ఆగడం. పరీక్ష అయ్యేదాకా పంటిబిగువున కూర్చుని, తలుపు తెరుచుకోగానే ఆయన ముందు మంచం కింద చూశాడు. తర్వాత కిటికీ బయటికి.

"లోపల ఎవరితో మాట్లాడావు?"

"నేనా? ఎవరితో మాట్లాడతానండీ?"

"నా చెవులతో విన్నాను."

"మీ చెవులకి బస్సు హోరు పట్టింది," అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. ఫోన్ ఆయన జేబులోనే ఉంది కాబట్టి ఆయన సోదా అక్కడితో ఆపేశాడు. కానీ ఆ పూట మాట ముభావంగానే నడిచింది.

మర్నాడు కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. కూతురు చదివి వినిపించింది. పరీక్షలో గొంతు వినబడింది. అభ్యర్థి ప్రతి ప్రశ్నకూ ఎడమవైపు తిరిగి, ఆగి, ఆ తర్వాతే జవాబు నొక్కారు. గదిలో రెండో మనిషి ఉన్నట్టు అనుమానం. ఫలితం ఆపేశాం, వీడియో విచారణకు హాజరు కావాలి.

"అమ్మా, నిజం చెప్పు. ఎవరైనా సాయం చేశారా?" అంది కూతురు. అంతవరకు తన పక్షాన ఉన్న ఒక్క మనిషీ ఆ ప్రశ్నతో అవతలికి వెళ్లినట్టయింది రేడియోకు.

ఆమె అనుమానం ఇంకో దారి పట్టింది. పరీక్ష ముందు రోజు, ఏ గదిలో రాస్తున్నావు, ఎన్నింటికి అని అడిగింది ఒక్క ఉందమ్మే. ఆరు నెలలకోసారి కూడా ప్రశ్న వెయ్యని మనిషి. డిప్లొమా రాకపోతే కుర్చీ ఎవరిది? ఉందమ్మది. లెక్క సరిగ్గా కుదిరింది. రెండు రోజులు రేడియో గొంతు మార్చి, పరికరాల పేర్లు రాళ్లు విసిరినట్టు విసిరింది. అవతలినుంచి ఎప్పటిలాగే "ఉంది" అని వస్తూనే ఉంది. మూడో రోజు ఇక ఆపుకోలేక అడిగేసింది.

"నా మీద కాలేజీకి చెప్పింది నువ్వేనా అక్కా?"

ఉందమ్మ చెయ్యి చాచింది. ఆ మెయిల్ చూపించమంది. ఎడమవైపు తిరిగారు అన్న మాట దగ్గర వేలు పెట్టి ఆగింది. ఫోన్ తిరిగిచ్చి, చేతులు కడుక్కుని తన చోట నిలబడింది. పని మొదలైంది.

"వంపు కత్తెర ఒకటి," అంది రేడియో.

ఉందమ్మ పలకలేదు. రేడియో చెయ్యి ట్రే మీద అలాగే ఆగిపోయింది. ఎడమవైపు చూసింది. ఉందమ్మ గోడ గడియారం చూస్తోంది.

"ఏంటక్కా, చెప్పవేం?"

"నేను చెప్పకపోతే నువ్వు కదలవు," అంది ఉందమ్మ. "నీ పరీక్షలోనూ నాకోసమే చూసుంటావు. ఆ కాలేజీ వాళ్లకి ఈ మాట చెప్పు." తర్వాత కత్తెర చూసి "ఉంది" అంది.

మరి గది సంగతి, టైము సంగతి ఎందుకు అడిగావని రేడియో నిలదీసింది. ఆ పూట నీ బదులు ఎవర్ని పంపుతారో, పరికరాల పేర్లు చెప్పే ఎవడి నత్తి వినాలో అని భయపడ్డానంది ఉందమ్మ. అది నిజమో కాదో రేడియోకు ఇప్పటికీ తెలియదు.

విచారణలో తెర మీదికి వచ్చిన అధికారి కుర్రవాడే, మర్యాదగానే మాట్లాడాడు. ఆసుపత్రి పద్ధతంతా ఓపిగ్గా విన్నాడు.

"కథ బాగుంది మేడమ్. కథలు నేను రోజూ వింటుంటాను," అన్నాడు.

తర్వాత, ఫైల్‌లో ఒకటి చూసుకోవాలి, ఈలోగా టేబుల్ మీద పెన్నులు డబ్బాలో పెట్టెయ్యండి, చిందరవందరగా కనిపిస్తోంది అని తల వంచుకున్నాడు. రేడియో పెన్నులు సర్దింది. ఆయన తలెత్తాడు.

"ఇప్పుడు ఏమన్నారు?"

"నేనేమీ అనలేదే."

ఆయన రికార్డు వెనక్కి తిప్పి వినిపించాడు. నీలం పెన్ను ఒకటి. ఎర్ర పెన్ను ఒకటి. ప్రతి పెన్నుకూ ఆమె మొహం ఎడమవైపు, బీరువా దిక్కుకు తిరుగుతోంది. తన గొంతు తాను అలా వినడం రేడియోకు అదే మొదటిసారి. గుమ్మంలో నిలబడ్డ కండక్టర్ కూడా చూశాడు.

"ఇది అలవాటే కావచ్చు," అన్నాడు అధికారి. "నేర్చుకుని వచ్చిన నటన కూడా కావచ్చు. రెంటినీ విడదీసే యంత్రం మా దగ్గర లేదు."

తప్పు రుజువు కాలేదని రాసుకుని, మళ్లీ పరీక్ష రాయాలన్నాడు. ఈసారి రెండు కెమెరాలు, కొత్త ప్రశ్నలు. నోరు విప్పితే అక్కడితో ఆఖరు.

ఇంట్లో ఉపాయాలు మొదలయ్యాయి. తన విజిల్ పళ్ల మధ్య పెట్టుకొమ్మన్నాడు భర్త. "ఊపిరి వదిలితే మోగుతుంది నాన్నా," అంది కూతురు. నోట్లో నీళ్లు పోసుకోవడం అనుకున్నారు, బుగ్గలు ఉబ్బితే దానికీ అనుమానపడతారని మానుకున్నారు. పనికొచ్చే మాట ఉందమ్మే చెప్పింది: ఎడమ భుజం గోడకు ఆనించి కూర్చో, గోడ "ఉంది" అనదు. మాట రాకుండా ఉండే బాధ్యత మాత్రం రేడియోదే. నాలుక పళ్ల మధ్య బిగించి పరీక్ష పూర్తి చేసింది. మర్నాటిదాకా వేడివి ఏవీ తాగలేకపోయింది.

సూపర్‌వైజర్ రిటైరయ్యే వారంలో ఫలితం వచ్చింది. ఆపేసిన పాత పరీక్ష మార్కులు కూడా, లెక్కలోకి రావని రాసి, పక్కనే వేశారు. భర్త కళ్లజోడు పెట్టుకుని రెండింటినీ, ఎవరి టికెట్టో చూసినట్టు, చాలాసేపు చూశాడు.

"మొదటిసారి ఎక్కువెందుకొచ్చాయి?"

"అప్పుడు అక్క పక్కనుంది," అంది రేడియో.

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఏమీ తేల్చుకోలేక కళ్లజోడు తీసేశాడు.

పాసు మార్కు నలభై. గోడ పక్కన కూర్చుని రాసినదానికి అరవై ఒకటి. పాతదానికి డెబ్బై నాలుగు.